పెళ్ళిచూపుల్లో పింగాణీ కప్పులు

పందొమ్మిది వందల అరవై ప్రాంతంలో మిట్టేమరిలో నాకు పెళ్ళిచూపులు జరిగాయి. ఇంటినిండా ఇత్తడి లోటాలున్నా, చింతామణి నుంచి వచ్చే అబ్బాయివాళ్ళ ముందు పరువు పోతుందని మా అమ్మ పక్కింటి నాగమ్మను బతిమాలి ఆరు పింగాణీ కప్పులు తెచ్చింది. నన్ను ముస్తాబు చేయడంకన్నా వాటిని తుడవడానికే ఎక్కువసేపు పట్టింది.

నేను కాఫీ అందించాను. అబ్బాయి తల్లి నా ముఖం చూడనేలేదు, కప్పునే చూసింది.

“మా అవ్వకాలం నాటివమ్మా” అంది అమ్మ గర్వంగా.

ఆవిడ కాఫీ తాగేసి కప్పు తిరగేసింది. “అడుగున ఈ నీలం చుక్క నేను పెట్టిందే! పోయినేడు మా చెల్లెలు అడిగి తీసకపోయినాది. మీకు యాడివి?”

నాకు తల కొట్టేసినట్లయింది. అమ్మ ఏడుపు గొంతుతో, “పక్కింటి నాగమ్మనడిగి తెచ్చినానమ్మా” అని ఒప్పుకుంది. నాగమ్మను పిలిపిస్తే, చింతామణిలో తన స్నేహితురాలు ఇచ్చిందని చెప్పింది. ఆ స్నేహితురాలే ఈవిడ చెల్లెలు!

“అన్నీ పగిలిపోయినాయని నాతో చెప్పినాదే!” అని ఆవిడ కోపమంతా చెల్లెలి మీదికి మళ్ళించింది. “మీరన్నా నిజం చెప్పినారు. పిల్లనూ కప్పులనూ కలిపి పంపీండి.”

ఆ నెలలోనే కప్పులు గాజు బీరువాలోకి, నేను వంటింట్లోకి చేరాం. నన్ను చూసే ఒప్పుకున్నానని మా ఆయన ఇప్పటికీ అంటారు. పాపం, అననివ్వండి.