సుగుణత్త పోయిన దినం, జున్ను పాలు ముట్టలా

నిన్న పొద్దున బావ కుప్పం నుంచి ఫోన్ చేసి "అమ్మ పోయిందప్పా" అంటే నేను నమ్మలా.

"ఎవురు చెప్పినారు? డాక్టరే చెప్పినాడా? నువ్వు కండ్లారా సూసినావా?" అని అడిగినా.

బావ ఏడ్చినాడు.

అప్పుడు నమ్మినా.

సుగుణత్త మా మేనత్త. పోయిన వారం కొడుకింటికని కుప్పం పోయింది. ఆడే గుండె ఆగిపోయింది.

పుంగనూరులో పాల సెంటర్ నడిపిన మనిషి. సొంత అన్న పాలు తెచ్చినా లాక్టోమీటర్ ముంచకుండా క్యాన్‌లో పోయనియ్యదు. ఆ అన్న మా నాయనే. "నీళ్ళు కలపలేదమ్మా" అంటే "ఆ మాట మీటర్ చెప్పాల" అనేది.

ఆమెకొక పిల్లి. పేరు జున్ను. దానికి షుగర్, రెండు పూట్లా ఇన్సులిన్. "సూది తప్పితే రక్తంలో కీటోన్లు పెరుగుతాయి, ప్రాణం మీదికొస్తుంది. తిండి మానేస్తే వెంటనే చూడండి" అని మదనపల్లె పశువుల డాక్టర్ చెప్పినాడు. నేనే చిన్న కీటోన్ మీటర్ తెచ్చిచ్చినా.

నమ్మితే గదా! ముందు తన వేలు పొడుచుకునింది. తర్వాత నా వేలు. ఇద్దరికీ నార్మల్ వచ్చినాకే జున్ను చెవి అంచున గుచ్చి చుక్క రక్తం తీసింది. అబ్బ, నవ్వలేక సచ్చినా.

అత్తను ఇంటికి తెచ్చినారని నిన్న మధ్యాన్నం పుంగనూరు పోతే, అత్త కాళ్ళకాడ జున్ను పడుకోనుండాది. పాలు పెట్టినా ముట్టలా, పక్కనే వాంతి చేసుకోనుండాది. "నోరులేని జీవికి ఎంత ప్రేమో సూడప్పా" అని ఆడోళ్ళు కండ్లు తుడుచుకుంటాండారు. ఒకడు వీడియో తీసి స్టేటస్ కూడా పెట్టేసినాడు.

నాకు అనుమానం. దుఃఖమైతే వాంతి యాల చేసుకుంటాది?

అత్త కుప్పం పోయేటప్పుడు జున్నును వాళ్ళ మరిదికి అప్పజెప్పి పోయింది. "సూది వేస్తాండావా మామా?" అని అడిగినా.

"ఓ, రెండు పూట్లా!" అన్నాడు, నా మొగం సూడకుండా.

అత్త పెట్టిపోయిన సిరంజిల ప్యాకెట్ చింపను కూడా చింపలా. మర్చిపోయినాడో, ఈ పీడ వదిలిపోనీ అనుకున్నాడో... ఆయన సదువుతాడని తెలిసే రాస్తాండా.

మీటర్ తెచ్చి జున్ను చెవి గుచ్చినా. చానా ఎక్కువ సూపించింది. నా వేలు కూడా పొడుచుకోని సూసినా. నాకు నార్మలే. తప్పు మీటర్‌ది కాదు.

అప్పటికే పాడె కడతాండారు. "మేనల్లుడివి, భుజం పట్టకుండా పిల్లిని ఎత్తుకోని పోతావా? సిగ్గులేదా?" అని తిట్టినారు. ఏడ్చుకుంటానే కార్ ఎక్కినా.

మదనపల్లెలో రాత్రంతా డ్రిప్. ఇంకొంచేపు ఆగుంటే దక్కేది కాదన్నాడు డాక్టర్. ఇప్పుడే లేసి కొంచెం తినింది. కీటోన్లు తగ్గినాయంటే నేను నమ్మలా, ఇంకోసారి సూడమన్నా. నిజంగానే తగ్గతాండాయి.

అత్తా, నీ మీద పిడికెడు మన్ను కూడా ఎయ్యలేకపోయినా. అది నాకు జీవితాంతం బాధే.

జున్ను ఇంక నా దగ్గరే. ఎవురికీ అప్పజెప్పను.

నువ్వు నిమ్మళంగా పోయి రా అత్తా.