ఆమె చెప్పిన కరాటే సినిమా

లక్సెట్టిపేటలో నేను తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో చైనావాళ్ల కొట్లాట సినిమాలన్నిటినీ కరాటే సినిమాలనే అనేవాళ్లం. కుంగ్‌ఫూ అనే మాట తర్వాతెప్పుడో తెలిసింది. మా క్లాసులో ఒక్క అమ్మాయికే వాటి సంగతులు తెలుసు. భూములున్న ఇంటి పిల్ల. వాళ్ల అన్న మంచిర్యాలలో కాలేజీకి పోయేవాడు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆమె బడి వెనక మెట్ల మీద కూర్చుంటే ఆడపిల్లలమంతా చుట్టూ చేరేవాళ్లం.

కథ ఎప్పుడూ ఒకటే. మంచివాడైన ముసలి గురువును ఎవడో చంపుతాడు. శిష్యుడు కొండల్లోకి పోయి, ఏళ్లకేళ్లు నీళ్లు మోసి, విద్య నేర్చుకుని తిరిగొచ్చి పగ తీర్చుకుంటాడు. అంతే. కానీ ఆమె శిష్యుణ్ని శత్రువు ఇంటి ముందు నిలబెట్టి, "జర ఆగుండ్రి, వాడింక తలుపు తియ్యలే" అని లేచి, తీరిగ్గా నీళ్లు తాగి వచ్చేది. అందరితో పాటు నేనూ ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. అట్లా కూర్చున్నందుకు నా మీద నాకే మంటగా ఉండేది.

మాది మిషన్ చర్చికి పోయే ఇల్లు. బాపు సంఘంలో పెద్ద. ఇంట్లో సినిమా మాట ఎత్తకూడదు. చదువులో ఆమె కంటే నేనే ముందు. పాటలూ నేనే బాగా పాడేదాన్ని. అయినా ఆ మెట్ల మీది చోటు ఆమెదే. ఒక సాయంత్రం ప్రార్థనలో ఆమెకు జ్వరం రావాలని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

దసరా సెలవులకు బెల్లంపల్లిలో మేనమామ ఇంటికి పోయాను. ఆయన బొగ్గుబాయిలో పని చేసేవాడు.

"ఏం కావాల్నే బిడ్డా నీకు?" అని అడిగాడు.

"కరాటే సినిమా."

మామ నవ్వాడు. "మీ బాపుకు తెలిస్తే నన్ను ఇంట్లకు రానియ్యడు" అన్నాడు కానీ మ్యాట్నీకి తీసుకుపోయాడు.

హాలు నిండా రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాళ్లే. స్నానం చేసినా కళ్ల చుట్టూ బొగ్గు నలుపు పోలేదు. సినిమాలో మాటలు ఇంగ్లీషు, ఎవరికీ అర్థం కావడం లేదు, ఎవరికీ అవసరమూ లేదు. గురువు చనిపోయినప్పుడు హాలంతా నిశ్శబ్దమైంది. శిష్యుడు పిడికిలి బిగిస్తే ఈలలు పడ్డాయి. అతని కోపం చూసి అంతమంది సంతోషపడుతున్నారు. నా కోపమో, ఎవరికీ చూపించుకోలేనిది. నా గురువును ఎవరూ చంపలేదు. ఒక పిల్ల నాకంటే బాగా కథ చెబుతోంది, అంతే. గురువును చంపిన తెల్ల కనుబొమ్మల దుర్మార్గుడు నేల కూలినప్పుడు నాకు ఆమె మొహమే కనిపించింది. చేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను.

ఇంకో సంగతి కూడా తేలింది. ఆమె మాకు చెప్పింది ఈ సినిమా కథే. అందులో గొడుగుతో ఇంటి కప్పు మీద పోరాడే పిల్ల ఒకతి ఉందని ఎంతో చెప్పింది. ఆ పిల్ల సినిమాలో ఎక్కడా లేదు.

బడి తెరిచిన రోజే మెట్ల దగ్గర అందరి ముందూ అన్నాను. "గా గొడుగు పిల్ల సినిమాలనే లేదు. నేను సూసొచ్చిన."

"అయితే నువ్వు చెప్పు" అన్నారు మిగతావాళ్లు. ఏది ముందో ఏది వెనకో తప్పకుండా చూసింది చూసినట్టు చెప్పాను. నేను చెబుతుండగానే ఒకతి జడ విప్పి మళ్లీ అల్లుకోవడం మొదలుపెట్టింది. "గొడుగు పిల్ల ఉంటెనే మంచిగుండె" అంది ఇంకొకతి.

సాయంత్రం ఇంటికి పోతుంటే ఆమె వెనక నుంచి వచ్చి కలిసింది.

"నిజంగనే సూసినవానే?"

"సూసిన. మా మామ తోల్కపోయిండు."

"నన్నెవ్వరు తోల్కపోలే. ఆడివిల్లలు సూసేటివి గావంటడు మా అన్న. సూసొచ్చి చెప్తడు, అది గూడ సగం సగం." కొంతదూరం నడిచి, "గా ముసలాయన బట్టలు ఏం రంగుంటయే? అన్న రంగులు చెప్పడు" అని అడిగింది.

ఆమె కళ్లలో ఉన్నదేమిటో నాకు తెలుసు. అది ఇన్నాళ్లుగా నా కళ్లలో ఉన్నదే. రంగు చెప్పకూడదనుకున్నాను. కానీ నోరు ఆగలేదు.

"నీలం."

"ఎసొంటి నీలం?"

"నీలమే" అన్నాను.

మర్నాడు ఆమె మెట్ల మీద మళ్లీ కథ ఎత్తుకుంది. తెల్లబట్టకు నీలిమందు ఎక్కువ పడితే ఎట్లుంటదో గురువు అంగీ అట్లుందని, నెత్తురు తగిలిన చోట నల్లగయిందని చెప్పింది. "ఇది చూసొచ్చి చెప్పింది" అని నన్ను చూపించింది కూడా. అందరూ నా వైపు చూశారు. నాకు సంతోషం కలగలేదు. ఆ అంగీని కళ్లారా చూసింది నేను. అది నాకు అట్లా ఎందుకు కనిపించలేదు?

పదో తరగతి అవగానే ఆమెకు హుస్నాబాద్ సంబంధం కుదిరింది. నేను కరీంనగర్‌లో టీచర్ ట్రైనింగ్ చేసి అక్కడే ఉద్యోగంలో చేరాను. ఆ సినిమాలు వచ్చినవి వచ్చినట్టు చూశాను. ఎవరి మీద పగపట్టాలో ఆ శిష్యుడికి మొదటి నుంచీ తెలుసు. నాకు అదే నచ్చేది.

చాలా ఏళ్లకు కరీంనగర్ బస్టాండులో ఆమె కనిపించింది. చంకలో పిల్ల, చేతిలో సంచి. నా సంగతులన్నీ అడిగి తెలుసుకుంది.

"నీ పనే నయమే" అంది. "బుద్ధి పుట్టినప్పుడు సినిమాకు పోతవు. అడిగేటోళ్లు లేరు."

నేను కథ చెబితే క్లాసులో పిల్లలు కిటికీ వైపు చూస్తారని ఆమెకు చెప్పలేదు. హుస్నాబాద్ బస్సు వచ్చింది. ఆమె పిల్లను సర్దుకుని ఎక్కేసింది.