తోంగ్‌పాల్ చింతపండు తేమ పరీక్షకు వెళ్లిన రోజు

భద్రాచలంలో కిరాణా కొట్టు నడిపే నాకు చాలాకాలంగా ఒక సందేహం. బస్తర్ చింతపండుకు అంత పేరుంది కదా, గింజతోనే బస్తాలకెత్తి ఎందుకు అమ్మేస్తారు? విదేశాలకు పోయే డబ్బా మీద వేరే ఊరి పేరెందుకు ఉంటుంది? తోంగ్‌పాల్‌లో కొందరు ఆడవాళ్లు సొంతంగా గింజలు, ఈనెలు తీసి, పెట్టెల్లో సర్ది తొలిసారి ఎగుమతికి పంపుతున్నారని తెలిసి, మే నెలలో బయలుదేరాను.

సుక్మాలో ఉదయం ఆరింటికి బస్సెక్కి ఏడున్నరకు తోంగ్‌పాల్‌లో దిగాను. టికెట్ అరవై రూపాయలు. ఆ ఆడవాళ్ల సంఘం పెద్ద లచ్చమ్మది సరిహద్దు దగ్గరి కోంటా వైపు, అందుకే తెలుగు బాగా వచ్చు. జగదల్‌పూర్ గోదాములో కొనుగోలుదారు తరఫు పరీక్షకుడు రెండింటిదాకానే ఉంటాడని చెప్పి, సరుకు పెట్టెలు ఎక్కించిన పికప్ వ్యానులో నన్నూ ఎక్కమంది. పదింటికి కదిలాం. దర్భా ఘాట్‌లో కొండదారి ఎక్కుతుండగా వాన పట్టుకుంది. ముందు ఒక లారీ అడ్డం తిరగడంతో గంటన్నర అక్కడే ఆగిపోయాం. డ్రైవర్ దిగి టార్పాలిన్ రెండుసార్లు బిగించాడు.  లచ్చమ్మ మాటిమాటికీ వెనక్కి తిరిగి పెట్టెలను చూసుకుంటూ కూర్చుంది.

గోదాము చేరేసరికి ఒకటిన్నర. పరీక్షకుడు మూడో పెట్టెలో మీటరు గుచ్చి, తేమ ఎక్కువగా ఉందన్నాడు. వానకు తడిసిందనుకుని, సరుకంతా వెనక్కి తీసుకుపొమ్మన్నాడు. నలభై మంది రెండు నెలల కష్టం.  లచ్చమ్మ సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి, పెట్టె మీది నంబరు వెతికి, ఆ పేజీ అతని ముందు పెట్టింది. ఏ పెట్టెలోది ఏ రోజు ఎండిందో అందులో రాసి ఉంది. ఇది మబ్బు పట్టిన రోజు సరుకనీ, అలాంటివి తొమ్మిదే ఉన్నాయనీ హిందీలో నెమ్మదిగా చెప్పింది. ఆ తొమ్మిదీ తనే దింపేసి, మిగతావాటిలో ఆయనకు నచ్చినన్ని చూసుకోమంది.

పదకొండు పెట్టెలు గుచ్చి చూశాడు. ప్రతిసారీ ఆమె మీటరు వైపు కాక అతని ముఖం వైపే చూసింది. చివరికి సరుకు తీసుకుంటున్నట్టు సంతకం పెట్టాడు.

బయట టీ తాగుతూ ఆ తొమ్మిది పెట్టెల సంగతి అడిగాను.

"మళ్ల ఎండబెడతం సార్. తప్పు యాడ జరిగిందో ఎరుకైతే దిద్దుకోవచ్చు. ఎరుక లేకనే ఇన్నేండ్లు బస్తాలు అమ్మినం" అంది.

నా కొట్లోని చింతపండు ఏ ఊరిదో నేను చెప్పలేను. తిరుగు బస్సులో ఆ ఆలోచన నన్ను వదల్లేదు. అడవి ఇచ్చేదాన్ని దూరదేశం కొనాలంటే ఎండబెట్టే షెడ్డు, కొలిచే మీటరు, రాసుకునే అలవాటు, ఇవన్నీ ఒక్కొక్కటిగా సమకూరాలి. అందుకు ఏళ్లు పడతాయి. తోంగ్‌పాల్‌లో అది మొదలైంది.

మీరూ ఈ దారిన వెళ్తే, మే వానల్లో ఘాట్ దారి ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం. జగదల్‌పూర్‌లో పనుంటే రెండు గంటలు ముందే బయలుదేరండి.