కర్పూరం ఆర్పిన చెయ్యి

అతని మొహం గుర్తొస్తే ఇప్పటికీ నాకు తిన్నది కడుపులో నిలవదు. అలాగని పరాయివాడు కాదు. జమ్మలమడుగు హైస్కూల్లో ఆరో తరగతి నుంచి ఇద్దరిదీ ఒకే బెంచీ. ఒకరినొకరం మామా అని పిలుచుకుంటూ పెరిగాం. తర్వాత అతను ఆ ఊళ్లోనే బట్టల అంగడి పెట్టుకున్నాడు, నేను ప్రొద్దుటూరులో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తానయ్యాను. అతనికి కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఆ బిడ్డను అతనికంటే ముందు ఎత్తుకున్నది నేనే.

రెండేళ్ల కిందట, అంగట్లోకి సరుకు దించాలని రెండు లక్షలు అడిగాడు. నా దగ్గర అంత ఎక్కడిది? నా భార్య మెడలోని గొలుసు కుదువ పెట్టాను. అది వాళ్లమ్మ ఆఖరి రోజుల్లో తన మెడలోంచి తీసి ఈమె మెడలో వేసిన గొలుసు. మూడు నెలల్లో ఇస్తాడు గదా అని మాత్రం అడిగి, తీసి ఇచ్చింది. ఖాతాలో వేస్తే బ్యాంకువాళ్లు పాత అప్పు కింద పట్టుకుంటారు, చేతికే ఇవ్వమన్నాడతను. ఇచ్చాను. కాగితం రాయించుకోలేదు. స్నేహితుడి దగ్గర కాగితమేమిటి అనుకున్న నా పెద్దమనసు తలుచుకుంటే ఇప్పుడు నాకే చీదర.

మూడు నెలలు కాస్తా ఏడాదిన్నర అయ్యింది. నెలాఖరులోగా విడిపించుకోకపోతే గొలుసు వేలానికి పోతుందని నగల వ్యాపారి కబురు పంపాడు. పరుగున జమ్మలమడుగు పోయాను. అతను అంగట్లో కూర్చుని బోండాలు తింటున్నాడు. నూనె వేళ్లను అమ్మకానికి పెట్టిన తువ్వాలుకే తుడుచుకుంటూ అన్నాడు:

"దుడ్లు ఇచ్చినా గదా మామా. దసరా ముందర, ఈడ బస్టాండులోనే. శానా మతిమరుపొచ్చినట్లుందే నీకు."

అరిచి ఉంటే బాగుండేది. ఇవ్వను ఫో, ఏం చేసుకుంటావో చేసుకో అన్నా బాగుండేది. నా మతి మీద జాలిపడుతూ ఎంతో నిమ్మళంగా చెప్పాడు. పైగా ఒక బోండా నా ముందుకు జరిపాడు.

అతని మేనమామ పులివెందులలో ఉంటాడు. బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి, ఆయన మాటంటే ఇద్దరికీ గౌరవం. పంచాయితీ ఆయన ముందు పెట్టాం. అంతా విని, సాక్షి లేడు, కాగితం లేదు, ఇక మిగిలింది ప్రమాణమే అన్నాడాయన. బ్రహ్మంగారిమఠం పోయి కర్పూరం వెలిగించాలి. డబ్బు ఇచ్చేశానన్న మనిషి దాన్ని చేత్తో ఆర్పితే అతని మాటే నిలుస్తుంది. అప్పిచ్చినవాడే ఆర్పితే అప్పు వదులుకున్నట్లు. అబద్ధానికి ఆర్పితే ఆ పాపం బిడ్డలకు తగులుతుందని మా వైపు నమ్మకం. ఎంత మొండివాడైనా అక్కడ చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. నేను కూడా ఆ ధీమాతోనే సరేనన్నాను.

ఆ ఆదివారం అతను కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎనిమిదేళ్ల పిల్ల. నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చి తన గుప్పిట్లోని బొరుగులు నా నోట్లో పెట్టబోయింది. పసిబిడ్డను ఎందుకు తెచ్చావని మేనమామ గదమాయించాడు.

"నాకేం భయం మామా? నా బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టే చెప్తా" అన్నాడతను.

మఠం మెట్టు మీద కర్పూరం మండుతోంది. ఎడమచెయ్యి పిల్ల తల మీద పెట్టి, కుడిచెయ్యి మంట వైపు చాచాడు. ఆ చెయ్యి కొంచెం కూడా వణకలేదు. ఇదేదో ఆట అనుకుని పిల్ల నా వైపు చూసి నవ్వుతోంది. ఒళ్లంతా కంపరమెత్తింది నాకు. ఏం చేస్తున్నానో తెలిసేలోగా వంగి, నా అరచేత్తో ఆ మంటను అదిమేశాను.

మేనమామ మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఆర్పింది నువ్వు నాయనా. ఇంగ నేను చెప్పేదేం లేదు" అన్నాడు. అతనేమో హమ్మయ్య అన్నట్లు ఊపిరి వదిలి, జేబులోంచి వక్కపొడి తీసి నోట్లో వేసుకున్నాడు. పద, దోసెలు తిందాం అని నా భుజం మీద చెయ్యి వేశాడు. థూ! ఆ చొక్కా ఇంటికొచ్చి రెండుసార్లు ఉతికించాను.

జరిగినదంతా నా భార్యకు చెప్పాను. బొబ్బలెక్కిన నా అరచేతికి వెన్న రాస్తూ, పోనీలే, బిడ్డను కాపాడినావు అంది. అంటూనే ఇంకో చేత్తో తన బోసి మెడ తడుముకుంది.

గొలుసు గడువు ఇంకా నాలుగు రోజులుందనగా అతను ప్రొద్దుటూరు వచ్చి, మా ఆఫీసు గేటు దగ్గర గుడ్డసంచితో నిలబడ్డాడు. గడ్డం మాసింది. కూతురికి వారం నుంచి జ్వరం, ఏ మందుకూ తగ్గడం లేదట.

"మొత్తం తెచ్చినా మామా, వడ్డీతో గూడా. మఠానికి పోయి నాకు అందినాయని ఒక్క మాట చెప్పు. నా బిడ్డ మింద నుంచి ఆ ఒట్టు తీసెయ్యి."

తప్పయిందని అనలేదు. ఇన్నాళ్లూ ఈ డబ్బు ఎక్కడుందని అడిగితే, అంగట్లోనే ఉండిందన్నాడు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టిన రోజు కూడా అంగట్లోనే ఉండింది! సంచి అందుకున్నాను. ఆ సాయంత్రమే గొలుసు విడిపించాను. మరునాడు మఠానికి పోయి, అందిందని చెప్పి వచ్చాను. పిల్లకు తర్వాత జ్వరం తగ్గింది, మందులకే తగ్గి ఉంటుంది. మేమిద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు.

గొలుసు మెడలో వేసుకుంటూ నా భార్య, ఆ బిడ్డ కోసం చెయ్యి కాల్చుకున్నావు, దేవుడు చూసినాడు అంది. నేను తల దించుకున్నాను. గేటు దగ్గర అతను జ్వరం అనే మాట అనగానే, సంచిలో ఏముందో ఇంకా తెలియకముందే, నాలో మొదట లేచింది సంతోషం. బాగా అయింది అనుకున్నాను. నాకు బొరుగులు పెట్టబోయిన పిల్లకు జ్వరమంటే, బాగా అయింది అనుకున్నాను. ఆ సంగతి నా భార్యకు ఇంతవరకు చెప్పలేదు.