కెరూబో కుదించిన బల్ల

"బల్ల కోయించుకోవాలా? పదేళ్ళుగా నాకు తిండి పెట్టిన బల్లని కోయించుకోవాలా? ముందు నీ నాలుక కోయించుకో, మురిథీ!"

నాలుగో అంతస్తులో పుట్టిన ఆ గొంతు మెట్ల మీదుగా దొర్లుకుంటూ కిందికొచ్చింది. నేనూ, ఫొటోలు తీసే కెరూబో అక్కా రెండో అంతస్తులో ఆగిపోయాం.

"అమ్మా, కాస్త మెల్లగా. ఇళ్ళు చూడ్డానికి జనం వచ్చే వేళ," ఇది ఏజెంటు మురిథి.

"రానీ! వాళ్ళకీ చూపిస్తా నీ ఇల్లు!"

"తుమైని వాళ్ళమ్మ," అంది అక్క నాతో. "దర్జీ. మురిథే చెప్పాడు, రంగులేస్తున్నారని ఇల్లు చూపించలేదట. నా ఫొటోలే చూసి నిన్న తాళాలు తీసుకుంది."

అరగంట క్రితం మురిథి ఫోన్ చేసి, "నీ ఘనకార్యం చూసిపో" అని పెట్టేశాడు. అక్క కెమెరా కూడా తీసుకోకుండా నా బండెక్కి నైరోబీ శివార్లలో ఉన్న రువాకా వచ్చింది.

కాలేజీ రెండో ఏడు మానేసి మోటారు సైకిల్ మీద జనాన్ని తిప్పుతున్నాను నేను. మూడేళ్ళుగా కెరూబోని ఇంటింటికీ చేర్చేది నేనే, అందుకే ఆమె పని నాకు తెలుసు. ఆమె ఊరు కిసీ. నైరోబీ వచ్చిన కొత్తలో పార్కులో ఫొటోలు తీసేది. విమానం బొమ్మ గీసిన పరదా కట్టి, దాని ముందు జనాన్ని పిల్లాపాపలతో నిలబెట్టేది. ప్రతివాడి ఫోన్లోకీ కెమెరా వచ్చాక ఆ పని చచ్చింది. అప్పుడు ఇళ్ళ వైపు మళ్ళింది. కొత్త ఫ్లాట్లు ఖాళీగా తీస్తే ఆసుపత్రి వరండాల్లా ఉంటాయి. అందుకని ఆ ఫొటోలో కంప్యూటరు మీద సోఫా వేస్తుంది, మంచం వేస్తుంది, కిటికీకి పరదా కడుతుంది, బల్ల మీద పళ్ళు కూడా పెడుతుంది. అడుగున "సామాను కంప్యూటరుతో పెట్టినది" అని రాస్తుంది. అలా రాసేది తనొక్కతే అని ఆమెకి గర్వం. "విమానం పరదా ముందు నిలబడ్డవాడు నిజంగా ఎగిరాననుకున్నాడా?" అనేది.

ఒక్కటే తిరకాసు. మా దగ్గర ఇల్లు వెతికేవాడు ఎన్ని చదరపు అడుగులని అడగడు. ఆరు బై ఆరు మంచం పడుతుందా, ఏడుగురు కూర్చునే సోఫా ఇముడుతుందా అని అడుగుతాడు. మంచమూ సోఫాయే మా కొలతలు. ఇది కెరూబోకి తెలుసు. తెలిసీ, గది ఇరుకనిపిస్తే కంప్యూటరు మీద మంచం బొమ్మ మూల పట్టుకుని కాస్త లోపలికి లాగి చిన్నది చేసేది, గది పెద్దగా కనపడేది. ఓసారి చూసి నవ్వాను. "అందం కోసంరా," అంది.

పైకి వెళ్ళాం.

ముందు గది నిండా బల్లే. ఎనిమిదడుగుల పొడుగు, ఐదడుగుల వెడల్పు. రెండు కొసలకీ గోడకీ మధ్య నాలుగేసి వేళ్ళ సందు. తుమైని వాళ్ళమ్మ కిటికీ వైపు, మురిథి గుమ్మం వైపు. మధ్యలో బల్ల ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే అతని చొక్కా ఈపాటికి ఆమె చేతిలో ఉండేది. మోసుకొచ్చిన నలుగురూ గుమ్మంలో చెమటలు తుడుచుకుంటున్నారు.

"అడ్డంగా తిప్పితే?" అన్నాడు మురిథి.

"తిప్పితే వంటగది తలుపు తెరుచుకోదు. అన్నం నీ ఇంట్లో వండుకుంటానా?" ఆమె కెరూబోని చూసింది. "ఫొటోలు నువ్వేనా తీసింది? రా. చూడు." ఫోన్ చాచింది. అదే గది. మధ్యలో ఆరు కుర్చీల భోజనాల బల్ల, చుట్టూ హాయిగా నడిచే దారి, మూల పూలకుండీ. "ఆరు కుర్చీల బల్ల ఎంతుంటుందో నాకు తెలీదా? అది పట్టి ఇంత చోటు మిగిలితే నా బల్ల పడుతుందని లెక్కేసుకున్నా. పాత ఇంట్లో వేరేవాళ్ళు దిగిపోయారు. కింద పికప్‌లో పన్నెండుమంది తోడిపెళ్ళికూతుళ్ళ బట్ట ఉంది. పెళ్ళి శనివారం. గుడ్డ కత్తిరించాలంటే బల్ల చుట్టూ తిరగాలి. ఎలా తిరగను? బల్ల కింద పాకనా?"

"అమ్మా, సామాను కంప్యూటరుతో పెట్టిందని కింద రాశాను," అంది కెరూబో.

"సామాను నిజం కాదని రాశావు. గది నిజం కాదని రాశావా?"

కెరూబో ఫోన్లోని బల్లనీ, ఎదురుగా ఉన్న బల్లనీ మార్చి మార్చి చూసింది.

మురిథికి సందు దొరికింది. "చూశారా? బొమ్మ ఈవిడది. నన్నంటే ఏం లాభం?"

"పెద్దగా కనపడేట్టు చెయ్యమన్నది నువ్వు కాదూ?" అన్నాను.

"నువ్వూరుకో," అంది అక్క. "మూల పట్టుకుని లాగింది నా చెయ్యే."

బయట ఉరిమింది. ఏప్రిల్ వాన, మొదలైతే ఆగదు. హమాలీల్లో పెద్దాయన కిటికీలోంచి చూశాడు. "తొందరగా తేల్చండి తల్లీ. బట్ట తడిస్తే మా మీద పడేస్తారు."

"మీ మెడలో టేపు ఇస్తారా?" అంది కెరూబో.

దర్జీ ఇవ్వలేదు. "కొలిచేదేదో నేనే కొలుస్తా. ఏ గోడ?"

"ఇక్కడ కాదు. గేటు పక్క ఇల్లు. ఖాళీయే కదా మురిథీ?"

"అది మాటైపోయింది."

"ఎవరితో?"

"ఒకాయనతో."

"ఆ ఒకాయనకి పేరుందా?"

మురిథి గడియారం చూసుకున్నాడు. "కొట్టుకిద్దామని ఉంచాం. అద్దె ఎక్కువొస్తుంది."

"ఈ బిల్డింగువి ఇరవై రెండు ఇళ్ళు నేనే తీశాను. అన్నిట్లో సామాను ఇలాగే కుదించాను. ఇవాళే ఆ ఫొటోలన్నీ నెట్‌లోంచి తీసేస్తాను. ఎందుకు తీసేశానో కూడా రాస్తాను."

"రాయి! రాశాక ఈ ఊళ్ళో ఏ ఏజెంటైనా నీకు తలుపు తీస్తాడేమో చూద్దాం."

"తీయకపోతే మానె," అంది.

కిందికి దిగాం. గేటు దగ్గర ఇల్లు చూడ్డానికొచ్చిన దంపతులు నిలబడి ఉన్నారు. అరుపులన్నీ విన్నట్టే ఉన్నారు, మురిథి పలకరిస్తే మొహాలు తిప్పుకున్నారు. ఇంక అతను తాళం తీయక తప్పలేదు. తుమైని వాళ్ళమ్మ టేపు ఒక కొస తను పట్టుకుని రెండోది కెరూబో చేతికిచ్చింది. "వేలు జరిపావో, చూసుకో!" ఐదడుగులు. ఇంకో ఐదు. మూడోసారికి కెరూబో గోడకి మోకాలు ఆనించి వంగింది.

"పద్నాలుగు," అంది దర్జీ. మళ్ళీ కొలిచింది. రెండో వైపు పన్నెండు. చినుకులు రేకుల మీద టపటపమన్నాయి.

మురిథి దంపతుల వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. "సరే. పై ఇంటి అద్దెకే. ఆర్నెల్లు. అంతే!"

"నాలుగంతస్తులు దింపడం వేరే లెక్క," అన్నాడు పెద్దాయన.

"దించవయ్యా, ముందు బట్ట లోపల పెట్టు!" అని గదమాయించి దర్జీ కెరూబో వైపు తిరిగింది. "నీ సంగతి శనివారం తర్వాత చూస్తా. ఇప్పుడు తిట్టే తీరిక లేదు."

మురిథి మా దగ్గరికొచ్చి, "రేపట్నుంచి రాకు," అన్నాడు కెరూబోతో. ఆమె తలూపింది.

బండి మీద నా వెనక కూర్చుని, కోటు కింద ఫోన్ దాచుకుని ఫొటోలు ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చింది. సందు మలుపులో నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆపాను.

ఫోన్ చూపించింది. కియాంబు ఊళ్ళో ఓ ఇంటి పడకగది. అందులో తను పెట్టిన రెండు పిల్లల మంచాలు.

"ఫిబ్రవరిలో నకూరు నించి ఓ కుటుంబం నా ఫొటో చూసి ఈ ఇంట్లో దిగింది. ముగ్గురు పిల్లలు. ఈ గదిలో రెండో మంచం పట్టదురా. ఒక్క ఫోనూ చెయ్యలేదు వాళ్ళు, ఒక్క తిట్టూ తిట్టలేదు."

వాన జోరందుకుంది.

"అటు పోనీ, తమ్ముడూ," అంది. "వెళ్ళాక తలుపు నువ్వు కొట్టు. నేను నీ వెనకే నిలబడతాను."