ఇప్పనూనె మొహం

నిన్న ప్రార్థనకు వెళితే, మా పాత సంఘపెద్ద భార్య సీసాలోని నూనెతో మొహం రుద్దుకుంటోంది. సబ్బుకు బదులట!

గుర్తుందా, ఏన్కూరు మిత్రులారా? మా అక్కకు నుదురు, ముక్కు జిడ్డు. చెంపలేమో పొడిబారి పొట్టు రాలేవి. నానమ్మ గోరువెచ్చని ఇప్పనూనె రాసి, వేడిగుడ్డతో తుడిచేది. క్రిస్మస్ పాటకు అక్క ముందు వరుసలో నిలబడితే ఈ సంఘపెద్ద భార్యే అందరి ముందూ అంది: "ఏందే, నీ మొహంమీద గారెలు కాల్చొచ్చు గదనే! ఎనక్కి పో."

అక్క బట్టలసబ్బుతో చెంపలు నెత్తురొచ్చేలా తోమింది. మళ్లీ ఎన్నడూ పాడలేదు. ఉపవాసంలో సైతం తలకు నూనె అంటుకొని ముఖం కడుక్కోమన్నాడు కదా ప్రభువు!

"మెరుస్తున్ననా బ్రదరూ?" అని నిన్న ఆమె నవ్వింది.

"మెరుస్తున్నవమ్మా," అన్నాను, "వేషధారులను ప్రభువు పోల్చిన సున్నం కొట్టిన సమాధి లెక్క."