చింతామణి సభకు నారాయణమ్మ గొంతు

ఆదివారం పొద్దున ఆరుంబావుకు బాగేపల్లి బస్టాండులో, చేలూరు మీదుగా చింతామణి పోయే బస్సు ఎక్కాను. ఒళ్ళో అట్టపెట్టె, అందులో నేను చేసిన యంత్రం. ఈ దారిన పొద్దున్నే వెళ్ళేవాళ్ళు ఎడమ పక్క కూర్చోకండి, ఎండ మొహానికే కొడుతుంది. నేను కూర్చున్నాను. ఆ రోజు చిరాకు అక్కడే మొదలైంది.

నాకు బాగేపల్లిలో మోటార్లకు వైండింగు కట్టే షాపు ఉంది. ప్రోగ్రాములు రాయడం ఖాళీ వేళల పిచ్చి. మా పొలాలకు మూడు ఫేజుల కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడు మోటారు వేసుకోకపోతే పైరు ఎండుతుంది. నా పెట్టె మూడు వైర్లనూ చూసుకుని, మూడూ సరిగా ఉంటే రైతుల ఫోన్లు మోగిస్తుంది. మొదట్లో యంత్రపు గొంతు పెట్టాను. ఏదో కంపెనీ ఫోననుకుని అందరూ కట్ చేశారు. అప్పుడు మండికల్ నారాయణమ్మ చేత మాట్లాడించాను. ఆమెకు ఒక బోరు, నాలుగు ఆవులు, ఊరంతటినీ అదిలించే నోరు ఉన్నాయి. "ఇంకా పండుకోనుండావా? కరెంటు వచ్చె, లేసి మోటారు వెయ్యి" అంటుంది ఫోనులో. ఇప్పుడు ఇరవై మూడు ఇళ్ళవాళ్ళు ఆ మాటకే లేస్తున్నారు.

ఈ ఫోన్లన్నీ వెళ్ళేది బెంగుళూరు కుర్రాళ్ళ సంఘం ఒకటి ఉచితంగా ఇచ్చిన సర్వరు నుంచి. ఎవరికి కొనసాగించాలో తేల్చడానికి చింతామణిలో ఒక కాలేజీలో సభ పెట్టారు. సర్వరు పోతే పెట్టె మూగబోతుంది. నా ప్రయాణం అందుకే.

చేలూరులో ఎక్కిన టమాటా రైతు పెట్టె వైపు చూశాడు. "ఏమప్పా అది, టీవీదా?" చెప్పాను. "ఓ, ఆ తిట్టే ఆయమ్మదా? మా బామ్మర్ది ఇంట్లో ఉండాది. ఆయమ్మకు బయపడి లేస్తాడు, అలారం గడియారం పారేసినాడు" అన్నాడు. ఆ మాటతో కాస్త హుషారు వచ్చింది.

ఎనిమిదిన్నరకు చింతామణి. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, తొమ్మిదికే కాలేజీ చేరాను. పది గంటల సభ పదకొండున్నరకు మొదలైంది. నా వంతు పన్నెండుకన్నారు, తర్వాత ఒంటిగంటకన్నారు. చల్లారిన చిత్రాన్నం పెట్టి, రెండున్నరకు పిలిచి, రెండే నిమిషాలన్నారు. అన్ని పనులూ మానుకుని వచ్చినవాడికి ఇచ్చే మర్యాద ఇదా? ఒళ్ళు మండింది.

బటన్ నొక్కగానే నారాయణమ్మ హాలంతా అదిలించింది. వెనక బెంచీల్లోని మా పక్క పిల్లలు విరగబడి నవ్వారు. వేదిక మీది నిర్వాహకుడు మాత్రం నవ్వలేదు. మర్యాదగానే, కన్నడంలో అన్నాడు: సర్వరు కోసం మీరిచ్చిన ఫారంలో భాష కన్నడ అని ఉంది, ఇది తెలుగు. ఒక ప్రాజెక్టుకు ఒక భాష, అదే రూలు. రేపటికల్లా గొంతు మార్చండి, లేకపోతే సర్వరు ఆపేస్తాం.

నేను కేకలేశాను. రూలు ఎవరి కోసమని అడిగాను. అతను ఫారం తీసి చూపించాడు. నా చేతిరాతే. ఉండేది కన్నడ రాష్ట్రంలోనే అయినా మా వైపు ఇంట్లో తెలుగు మాట్లాడతాం, కాగితం మీద కన్నడ అని రాస్తాం. బడిలో చేరిన రోజు నుంచీ అంతే, రాసేటప్పుడు ఆలోచించం కూడా. నిర్వాహకుడి మీది కోపం సగం నా మీదికి తిరిగింది. అది ఇంకా ఎక్కువ మండింది.

మూడుంబావు బస్సుకు శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్ళాపురం. అక్కడ బాగేపల్లి బస్సు పట్టుకుని, పేరేసంద్రలో దిగి, ఆటోలో మండికల్ చేరేసరికి ఆరు కావస్తోంది. నారాయణమ్మ అప్పుడే డెయిరీలో పాలు పోసి వచ్చింది. జరిగిందంతా చెప్పాను.

"దానికి ఇంత కోపమేలప్పా?" అంది. "నాకు కన్నడం రాదా ఏమి? ఆ ఫోను ఇట్ల పట్టు."

పట్టాను. ఆమె కొంగు సర్దుకుంది, నిటారుగా నిలబడింది, గొంతు తగ్గించింది. "రైతరే, దయవిట్టు గమనిసి. కరెంట్ బందిదె. తావు మోటార్ హాకబహుదు." దయచేసి గమనించమని, తమరు మోటారు వేసుకోవచ్చని.

"అమ్మా, తిట్టినట్ల చెప్పు" అన్నాను.

"కన్నడంలో యాడన్నా తిడతారాప్పా? ఆపీసుల్లో మాట్లాడేది కదా అది" అంది. మూడుసార్లు చెప్పించాను. మూడుసార్లూ అదే వినయం.

పేరేసంద్రలో ఏడు గంటల బస్సు దొరికింది. కిటికీ పక్క కూర్చుని ఆ కన్నడ ముక్కను మళ్ళీ విన్నాను. పక్కనున్న పెద్దాయన తల తిప్పి అడిగాడు.

"ఎవరప్పా ఈయమ్మ? పింఛనుకు అర్జీ పెట్టుకుంటాండాదా?"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే. ఊరంతా భయపడే మనిషిని కరెంటు వచ్చిందని చెప్పడానికి కూడా చేతులు కట్టుకుని నిలబడేలా చేశాను. ఆ ముక్కను చెరిపేశాను. ఏడూ నలభైకి బాగేపల్లిలో దిగి, ఇంటికి పోకుండా షాపు తెరిచాను. వైండింగు బల్ల కింద ఉన్న పాత కంప్యూటరునే ఇక సర్వరు చేసుకుందామని బయటికి లాగి, దుమ్ము దులిపి, ఆమె తిట్లను అందులోకి ఎక్కించడం మొదలుపెట్టాను.